గంగవ్వ ముక్క గాజు మీద నిలవలేదు

కామాటిపుర, ఆరో గల్లీ, ముంబై
16 జూన్ 2025, సోమవారం

శీతల్,

ఒక మనిషి ప్రాణం చిటికెడు ముక్క మీద ఆధారపడి ఉందని తెలిసి కూడా, ఆ ముక్కను నీళ్లపాలు చేసినవాళ్లకు అన్నం ఎలా దిగుతుంది? ముందు దీనికి జవాబు చెప్పు. ఆశీస్సులు తర్వాత.

నీ చీటీ అందింది. వెంకటయ్య పొద్దున హైదరాబాద్ బస్సు నాగ్‌పాడాలో ఆపి, డ్రైవర్ సీటు దిగి నేరుగా నా గదికే తెచ్చి ఇచ్చాడు. రెండే రెండు వరుసలు రాశావు. "అమ్మ ముక్క ఉడకబెడుతుంటే గాజు మీంచి ఊడిపోయింది. ఇంకో వారం పడుతుంది." అంతేనా? నా తోడబుట్టిన చెల్లెలు, నిన్ను కన్న తల్లి, రొమ్ములో గడ్డ పెట్టుకుని నా ఎదురుగా బియ్యం ఏరుతోంది. ఆమె గురించి రెండు వరుసలు!

మే ముప్పై ఒకటిన ఆసుపత్రిలో సూదితో తీసిన ముక్కలు సీసాలో వేసి నా చేతికిచ్చినప్పుడు డాక్టర్ ఏమన్నాడో తెలుసా? "పక్క వీధిలోనే ల్యాబు ఉంది కదా బాబా, ఇచ్చేయండి" అన్నాడు. నేనే వద్దన్నాను. మా మేనకోడలు హైదరాబాద్‌లో ఈ పనే చేస్తుంది, మా పిల్ల చేతుల్లోకే పంపుతానని నలుగురిలో గొప్పగా చెప్పాను. ఆ చేతులు ఇవేనా?

నలభై ఏళ్లు గోడలు కట్టి పూసే గవండి పని చేశాను. ఫాక్‌లాండ్ రోడ్‌లో నేను గిలాబు చేసిన గోడలు ముప్పై వానాకాలాలు తడిసి కూడా పెచ్చు ఊడలేదు. చెవులు పోయి తాపీ కింద పెట్టాను గానీ, పని మరిచిపోలేదు. నువ్వు గోరంత ముక్కను గాజు మీద నిలబెట్టలేకపోయావు. మొసలి నీళ్లలో ఉండి ఏనుగు కాలు పట్టుకుంటే వెయ్యేళ్లు ఆ పట్టు సడలలేదు. పట్టు అంటే అది.

రోగం క్యాన్సరేనని మీ ల్యాబు సార్ రంగు వేసి చూసి ముందే చెప్పాడు. ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్ష మిగిలింది. అది తేలందే ఇక్కడ మందు మొదలుపెట్టరు. ఇది గుర్తుపెట్టుకుని చెయ్యి.

మీ మామ,
బాలనర్సయ్య


హైదరాబాద్
18 జూన్

మామకు నమస్కారం.

అన్నం దిగడం లేదు. నీ ప్రశ్నకు అదే జవాబు.

నువ్వు ఫోన్‌లో వినలేవు, అమ్మకు ఫోన్ చేస్తే "మామనడుగు బిడ్డా, నాకేం ఎర్క" అని పెట్టేస్తోంది. అందుకే అంతా రాస్తున్నాను. కోపం పక్కన పెట్టి నెమ్మదిగా చదువు.

మేం ముక్కను మైనంలో పొదిగి చిన్న బ్లాకు చేస్తాం. దాన్ని వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందంతో పొరలుగా కోస్తాం. ఆ పొరను గోరువెచ్చని నీళ్ల మీద తేలనిచ్చి, గాజు పలకను కింద నుంచి పెట్టి ఎత్తుతాం. అది గాజుకు అతుక్కోవాలి. ఇక సీసాలో మీకిచ్చిన మందునీళ్లు ఉన్నాయి చూడు, ఫార్మాలిన్, అది ముక్క చెడిపోకుండా లోపలి నుంచి బిగిస్తుంది. అలా బిగిసినప్పుడు మేం వెతికే గుర్తులు కూడా మూసుకుపోతాయి. వాటిని మళ్లీ తెరవాలంటే ఉడకబెట్టాలి. మా దగ్గర దానికి కుక్కరే ఉంది మామా, మన ఇంట్లో పప్పుకు వాడేలాంటిదే. ఆ మరుగులో అమ్మ ముక్క లేచిపోయింది. మూత తీసేసరికి గాజు పలక ఖాళీగా ఉంది. పొర ఎక్కడో నీళ్లలో సాలెగూడు పోగులా తేలుతోంది.

ఇది అప్పుడప్పుడు జరిగేదే. రొమ్ము ముక్కలో కొవ్వు ఉంటుంది, కొవ్వు గాజును సరిగ్గా పట్టదు. ఈసారి పట్టు కోసం ప్రత్యేకంగా పూత వేసిన పలకలు తీసుకున్నాను. కింద నీటి చుక్క చిక్కకుండా నిలబెట్టి ఆరబెడతాను. ఓవెన్‌లో ఎక్కువసేపు వేడి చేస్తాను. నిలబడుతుంది.

ఒక మాట. నువ్వు నాకు అక్షరాలు నేర్పింది ఆ గల్లీ వరండాలో, సుద్దముక్కతో. తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాయమనేవాడివి, చేతులు పనికిరావని ఎప్పుడూ అనలేదు.

అమ్మకు ఆయాసం ఉందా? నిజం రాయి.

శీతల్


కామాటిపుర
21 జూన్, శనివారం

చిరంజీవి శీతల్‌కు,

ఆయాసం లేదు. నోరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే గంగవ్వ చేట కింద పెట్టి ఏమందో, పెదవులు చూసి పట్టుకున్నంత రాస్తున్నాను: "కుక్కర్ల పెట్టి ఉడకబెట్టిండ్రా? అగో! నన్ను కూర చేస్తుండ్రు. జర ఉప్పు చూసి ఎయ్యమను!" పక్క గది నీత నవ్వింది. నేను నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. నాకు అనుమానంగా ఉంది. ఊడిపోయింది, తేలిపోయింది, ఖాళీగా ఉంది అంటున్నావు. నిజంగా ఊడిందా? లేక ఏ మందూ పనిచేయదని తేలి, మామ గుండె తట్టుకోలేదని ఇలా రాస్తున్నావా? అరవై ఎనిమిదేళ్లవాడిని. హరిశ్చంద్రుడి కథ ఈ గల్లీలో నేను చెప్పినన్నిసార్లు ఎవరూ చెప్పలేదు. కాటికాపరి అయినా సరే సత్యమే చెప్పాలి. చెడ్డ వార్తయితే చెడ్డ వార్తే రాయి. ముక్క మీద నెపం పెట్టకు.

నిజంగానే ఊడితే మాత్రం ఒక ఉపాయం. పాతకాలం మేస్త్రీలు సున్నం గట్టిగా పట్టడానికి కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారు. మా నాయన ఆ గోడలు కట్టాడు. నేను గుడ్డు ముట్టను, అయినా చెల్లెలి కోసం చెప్తున్నాను. గాజుకు తెల్లసొన పూసి చూడు.

బుధవారం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టర్ కాగితం ఏదన్నాడు. రాలేదన్నాను. "ఇంకా రాలేదా?" అని కుర్చీలోంచి లేచాడు. అతను లేచిన తీరు నాకు నచ్చలేదు. మూడు వారాలైందమ్మా!

బాలనర్సయ్య


హైదరాబాద్
24 జూన్

మామా,

నేను నీకు ఎప్పుడైనా అబద్ధం చెప్పానా? నువ్వు నన్ను అనుమానించడం కంటే ముక్క ఊడిపోవడమే నయం.

కోడిగుడ్డు సంగతి సార్‌కు చెప్పాను. ఆయన నవ్వలేదు. పూర్వం ల్యాబుల్లో నిజంగానే తెల్లసొన పూసేవారట. "మీ మామయ్య మా తాతల కాలం టెక్నీషియన్" అన్నారు. కానీ ఈ మరుగుకు అది ఆగదు. ఇప్పటి పూత దానికంటే గట్టిది.

గట్టిది అని రాశాను గానీ, అదీ ఆగలేదు. శుక్రవారం పూత పలక మీద ఎక్కించి, ఒక రోజంతా ఓవెన్‌లో ఉంచి, కుక్కర్‌లో పెట్టాను. సగం పోయింది. మిగిలిన సగం ముడతపడి మడతపడి ఏదీ చదవడానికి రాలేదు. సోమవారం ఇంకా పల్చగా కోశాను, కుక్కర్ మూత తెరవకుండా బాగా చల్లారేదాకా ఆగాను, కుదుపు లేకుండా తీశాను. మొత్తం పోయింది.

ఇప్పుడు అసలు విషయం. మేం ప్రతి పలక మీద రోగి ముక్క పక్కనే, పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో తెలియడానికి వేరొకరి పాత ముక్క కూడా ఒకటి పెడతాం. అదే గాజు, అదే పూత, అదే మరుగు. ఆ ముక్క మూడుసార్లూ బండలా నిలబడింది. పక్కనే ఉన్న అమ్మ ముక్క మూడుసార్లూ పోయింది. కాబట్టి తప్పు గాజుది కాదు, పూతది కాదు, నా కుక్కర్‌ది కాదు. ముక్కలోనే ఏదో ఉంది.

అందుకే అడుగుతున్నాను. సీసా ఆసుపత్రిలో శనివారం ఇచ్చారు. వెంకటయ్య బస్సు బయలుదేరింది సోమవారం. మధ్యలో రెండు రోజులు సీసా ఎక్కడుంది? పడిపోయిందా, ఒలికిందా? మా ల్యాబులో సీసా దింపుకున్న దర్శన ఆ రోజు మందు వాసన ఘాటుగా లేదనుకుందట, కానీ తనకు జలుబు కాబట్టి పట్టించుకోలేదట.

బ్లాకులో ఇంకా ఒకటి రెండుసార్లకు సరిపడా ముక్కే ఉంది.

శీతల్


కామాటిపుర
27 జూన్, శుక్రవారం

శీతల్‌కు,

ఎవరిని అడుగుతున్నావు, ఏమని అడుగుతున్నావు?

సీసా ఎక్కడుందంటావా? నా ఇంట్లో, దేవుడి గూట్లో, నరసింహస్వామి పటం ముందు ఉంది. ఆ గూడు కంటే భద్రమైన చోటు నీ ల్యాబులో ఏదైనా ఉంటే చూపించు. పడలేదు. ఒలకలేదు. నేను తప్ప ఇంకొక చెయ్యి దానికి తగల్లేదు. గంగవ్వను కూడా ముట్టనివ్వలేదు. అంత నిష్ఠగా చూసినవాడిని పట్టుకుని దర్శన, జలుబు, వాసన అంటూ లాయర్‌లా ప్రశ్నలు వేస్తావా?

వేరొకరి ముక్క నిలబడింది, అమ్మది నిలబడలేదు. అంటే ఏమిటి? అమ్మ దోషమా? స్తంభంలో దేవుడున్నాడా అని హిరణ్యకశిపుడు గద పెట్టి కొట్టాడే గానీ, తన చూపులో లోపం ఉందేమో అని ఒక్కసారి అనుకోలేదు. మీ చదువులూ అంతే. యంత్రం తప్పు కాదు, మందు తప్పు కాదు, మనిషిదే తప్పు!

గురువారం నేను నడిపే భజనలో ఈ మాటే చెప్పాను, నీ పేరు తీయకుండా. నీ శరీరంలోని ముక్కను వాళ్ల చేతికి ఇచ్చేముందు దేవుడి చేతిలో పెట్టి ఇవ్వండి అన్నాను. అందరూ తలలూపారు. ఎనిమిదో గల్లీ రత్నాబాయికి వచ్చే వారం శనివారం ఇలాంటి పరీక్షే ఉంది. భజన అయ్యాక నా దగ్గరికి వచ్చి, వినబడాలని చెవిలో అరిచింది: "బాబా, గంగవ్వకు చేసినట్టే నా శీశకు గూడ చేయున్రి!" సరేనన్నాను. మనుషులకు నా మీద ఆ నమ్మకం ఉంది. నీకు లేదు.

గంగవ్వ మూడు రోజులుగా బియ్యం ఏరడం మానేసింది. చేట పట్టుకుని కూర్చుంటుంది, అంతే.

పని సరిగ్గా చెయ్యి.

బాలనర్సయ్య


హైదరాబాద్
30 జూన్

మామా,

అయిపోయింది. బ్లాకులో ఇక మైనమే మిగిలింది.

కుక్కర్ వదిలేసి, మరుగు రాని వేడిలో, కదలని నీళ్లలో, గంటలకొద్దీ ఉంచి చూశాను. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మ ముక్క ఒక మూల నుంచి లేచింది. నా కళ్ల ముందే మెల్లగా, తడిసిన గోడ కాగితంలా విడిపోయింది. చెయ్యి పెట్టి పట్టుకోవడానికి వీల్లేదు. నేను చేసే పనిలో పట్టుకోవడానికి వీల్లేనిది అదొక్కటే.

నీకు నా భాష నచ్చడం లేదు కాబట్టి నీ భాషలో రాస్తాను. నువ్వు గోడకు గిలాబు వేశావనుకో. గోడ గరుకుగా కొట్టావు, శుభ్రంగా కడిగావు, ఇసుక మంచిది. అంతా సరే. కానీ మాల్ కలిపేటప్పుడే ఎవరో సిమెంటు తీసేసి నీళ్లు పోశారు. ఆ గిలాబు వాన పడితే ఉంటుందా? అప్పుడు గోడను తిడతావా, తాపీ పట్టినవాడిని తిడతావా? అమ్మ ముక్క లోపల బిగుసుకోలేదు మామా. పచ్చిగా ఉంది. సార్ మైక్రోస్కోప్‌లో నాకు చూపించారు, అంచులు నానిన అటుకుల్లా ఉన్నాయి. ఫార్మాలిన్ దాన్ని పట్టనేలేదు, లేదా పట్టీపట్టకముందే తీసేశారు.

నిన్ను తిట్టడానికి అడగడం లేదు. అమ్మను మళ్లీ గుచ్చక తప్పదు. ఆ రెండోసారి కూడా ఇలాగే జరిగితే మూడోసారి గుచ్చాలి. ఇప్పటికి నెల పోయింది. గడ్డ మన ఉత్తరాల కోసం ఆగదు. అందుకే తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలియాలి.

"గంగవ్వకు చేసినట్టే" అందట రత్నాబాయి. అమ్మకు ఏం చేశావు మామా?

ఒక్క వరుస రాయి. తప్పు ఉన్నా పర్వాలేదు, తుడిచి మళ్లీ రాసుకుందాం.

శీతల్


కామాటిపుర
7 జూలై 2025, సోమవారం

అమ్మా శీతల్,

నీ ఉత్తరం వారం రోజులు నా చొక్కా జేబులో ఉంది. అంటే నేను గంగవ్వ దగ్గర ఇంకో వారం దొంగిలించాను. ఆ లెక్క దేవుడి దగ్గర చెప్పుకుంటాను. ముందు నీ వరుస రాస్తాను.

మందునీళ్లు నేనే పారబోశాను.

ఆ శనివారం ఇంటికి వచ్చి మూత తీసి చూశాను. కళ్లు మండిపోయాయి. ఆ విషపు నీళ్లలో తెల్లని దారప్పోగుల్లా నాలుగు ముక్కలు. అవి చెత్త కాదు శీతల్, నా చెల్లెలు. చిన్నప్పుడు జ్వరమొస్తే తడిగుడ్డ వేసి కూర్చున్నవాడిని, ఆమెను ఆ కంపులో రెండు రోజులు ఉంచడానికి మనసొప్పలేదు. అడుగున కాస్త ఉంచి మిగతాది మోరీలో వంచాను. గూట్లో నాసిక్ నుంచి తెచ్చిన గోదావరి జలం రాగి గిండిలో ఉంది. మంత్రం చదివి సీసా నిండా అది పోశాను. ముక్కలు సీసాలో పడి అప్పటికి గంట కూడా కాలేదు. మీ ల్యాబు చేరేదాకా ఆ నీళ్లలోనే ఉన్నాయి.

పుణ్యం చేశాననుకున్నాను. నువ్వు అడిగినప్పుడు "పడలేదు, ఒలకలేదు" అన్నాను. రెండూ నిజమే. ధర్మరాజు కూడా యుద్ధంలో నిజమే చెప్పాడు, చచ్చింది ఏనుగు అన్న మాట మాత్రం గొంతులో నొక్కేశాడు. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన రథం ఆ క్షణంలో నేలను తాకింది. ఈ కథ నేను ఎంతమందికి చెప్పానో! నా రథం దిగిన చప్పుడు నాకే వినబడలేదు. చెవులు పోయినందుకు కాదు.

నిన్న తొలి ఏకాదశి. భజన గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. హారతి ముందు రత్నాబాయి జనాన్ని తోసుకుని వచ్చి, కొంగులోంచి సీసా తీసి నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది, ఆమె ఒంటి వేడికి. లోపల అవే దారప్పోగులు. "గోదారమ్మ నీళ్లు పోయున్రి బాబా" అంది. ఆ రహస్యం ఆ గురువారం ఆమెకు నేనే చెప్పాను. మూత మీద నా వేలు ఉంది. నీ మాట గుర్తొచ్చింది, సిమెంటు తీసేసి నీళ్లు పోశారన్న మాట. గవండివాడికి అది అర్థం కాదా? నువ్వు రాసిన రోజే అర్థమైంది. ఒప్పుకోవడానికే వారం పట్టింది.

సీసా పైకెత్తి అందరికీ చూపించి చెప్పాను. గంగవ్వ ముక్కను గోదావరి నీళ్లు పోసి ఖరాబు చేసింది ల్యాబు కాదు, నేను. ఈ నీళ్లు కంపు కొడితే కొట్టనివ్వండి, ఇవి ఆ ముక్కకు ప్రాణం. మూత తీసినవాడు చెల్లెలి గొంతు మీద చెయ్యి వేసినట్టే. అలా చెప్పి ఆ సీసాను, మూత కదలకుండా, రత్నాబాయి కొడుకు హితేష్ చేతికిచ్చి నాగ్‌పాడా ల్యాబుకు తిన్నగా పరుగెత్తమన్నాను. హారతి ఆలస్యమైంది. ఎవరివో పెదవులు గొణిగాయి. గొణగనీ.

గంగవ్వ గడప దగ్గర కూర్చుని అంతా విన్నది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. నా మొహం తన వైపు తిప్పుకుని, పెదవులు స్పష్టంగా కనబడేలా ఒక్కొక్క మాటే అంది:

"ఏందన్నా, నా ముక్కకు గోదారి స్నానం చేపిచ్చినవా? పదేండ్లసంది నాసిక్ తీస్కపో, తీస్కపో అని మొత్తుకుంటున్న. ఒక్కపారి తీస్కపోకపోతివి. నాకన్న ముందు నా ముక్కకు దక్కె పుణ్యం!"

నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది.

ఇప్పుడు విను. ఈ పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. చాలా కోపగించాడు, అది న్యాయమే. బుధవారం, తొమ్మిదో తేదీ, పొద్దున పదకొండింటికి మళ్లీ సూది వేస్తానన్నాడు. గంగవ్వ మాత్రం రానంటోంది. "ఎన్నిపార్లు గుచ్చుతరు? నా బిడ్డ చెయ్యి పట్టుకుంటెనే వస్త, లేకుంటె రాను" అని గోడ వైపు తిరిగి పడుకుంది. నా చెయ్యి చాచాను. చూసి, మళ్లీ గోడ వైపే తిరిగింది.

వెంకటయ్య ఈ సాయంత్రం బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం నీకు రేపు, మంగళవారం పొద్దున మియాపూర్‌లో అందుతుంది. అదే బస్సు మంగళవారం సాయంత్రం తిరిగి ముంబైకి వస్తుంది, బుధవారం ఎనిమిది కల్లా నాగ్‌పాడాలో ఉంటుంది. ముందు వరుసలో కిటికీ సీటు నీ కోసం ఆపమని వెంకటయ్యకు చెప్పాను. సెలవు ఇవ్వకపోతే మీ సార్‌కు ఈ ఉత్తరం చూపించు. నా సిగ్గు నాలుగు గోడల్లో ఉండాల్సిన పని లేదు. అక్కడ ఇలాంటి సీసాలు దింపుకునే ప్రతిచోటా, మూత తీయకూడదని పెద్ద అక్షరాలతో తెలుగులో, మరాఠీలో, హిందీలో రాసి అంటించమని చెప్పు. నాలాంటి తెలివైనవాళ్లు ఇంకా ఎందరున్నారో.

ఈసారి సీసా నా చేతికి ఇవ్వవద్దు. నేను అడిగినా ఇవ్వవద్దు. సూది వేసిన క్షణం నుంచి గాజు మీద నిలబడేదాకా అది నీ చేతిలోనే ఉండాలి. నేను గది బయట నిలబడతాను. పని అయ్యాక గంగవ్వను నాసిక్ తీసుకెళ్తాను, మొత్తంగా, ముక్కగా కాదు.

ఇది చదువుతున్నప్పుడు నీ చేతులకు గ్లౌజులుంటే తీసెయ్. రేపటికి వద్దు, ఎల్లుండికి వద్దు. ఈ సాయంత్రమే బస్సెక్కు శీతల్. ఈరోజే.

మీ మామ